మతిమరుపు సాహిత్యంలో కనిపించని పద్దు

1

డాక్టర్లు డిమెన్షియా అనీ, మనం మతిమరుపు జబ్బు అనీ పిలిచే వ్యాధి మీద గత పాతికేళ్లలో ఇంగ్లీషులో విరివిగా సాహిత్యం వచ్చింది. నవలలు, నాటకాలు, జ్ఞాపకాలు, వాటి ఆధారంగా తీసిన సినిమాలు చాలా ఉన్నాయి. వీటిలో ముఖ్యమైనవాటిని నేను శ్రద్ధగానే చదివాను, చూశాను. కొన్నిటిని విద్యార్థులకు పాఠంగా కూడా చెప్పాను. వాటి శక్తిని తక్కువ చేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని వాటిలో చాలాచోట్ల ఒక ప్రశ్న అసలు వినిపించదు. ఈ మనిషిని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?

జాన్ బేలీ తన భార్య, నవలా రచయిత్రి ఐరిస్ మర్డాక్ గురించి రాసిన జ్ఞాపకాలు 1998లో వచ్చాయి. లీసా జెనోవా నవల 'స్టిల్ ఆలిస్' 2007లో వచ్చింది. అందులో రోగి హార్వర్డ్ ప్రొఫెసరు. 2014 సినిమాలో ఆమె కొలంబియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెబుతుంది. ఫ్లోరియాన్ జెల్లర్ 2012 నాటి ఫ్రెంచి నాటకం 2020లో 'ది ఫాదర్' సినిమా అయింది. అందులో తండ్రి లండన్‌లో విశాలమైన ఫ్లాటులో ఉంటాడు. భాషే వృత్తిగా బతికినవాళ్లకు భాష జారిపోవడం, ఇంటి గోడలూ కూతురి ముఖమూ క్షణక్షణం మారిపోవడం గొప్ప విషాద వస్తువులే. ముఖ్యంగా 'ది ఫాదర్' శిల్పం అసాధారణమైనది. ప్రేక్షకుణ్ణి రోగి బుర్రలో కూర్చోబెట్టి, ఏది ఏ రోజో, ఎవరు ఎవరో తెలియని స్థితికి తెస్తుంది.

అయితే ఆ శిల్పంలోనే దాని పరిమితీ ఉంది. రోగి బుర్రలోంచి చూస్తే బిల్లు కనిపించదు. చివర్లో తండ్రి నర్సింగ్ హోములో తేలతాడు. అక్కడి గది శుభ్రంగా ఉంటుంది, నర్సు ఓపికగా మాట్లాడుతుంది. ఆ గదికి వారానికి ఎంత, దాన్ని ఎవరు కడుతున్నారు, ఆ నర్సు జీతం ఎంత అన్న ప్రశ్నలకు కథలో చోటు లేదు. వ్యాధి అంటే మనిషి లోపల జరిగే సంఘటన అని ముందే నిర్ణయించుకున్న దృక్పథం నుంచి పుట్టిన శిల్పం అది.

వ్యాధి చరిత్ర మాత్రం అలా మొదలవలేదు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చాసుపత్రిలో డాక్టర్ అలోయిస్ అల్జైమర్ పరీక్షించిన అగస్టా అనే స్త్రీయే వైద్య గ్రంథాలకెక్కిన మొదటి రోగి. ఆమె భర్త రైల్వే గుమాస్తా. అక్కడి ఖర్చు భరించలేక, భార్యను మరో చౌకైన చోటుకి మార్చమని అడిగాడని అల్జైమర్ జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు. అంటే వ్యాధికి పేరు పెట్టకముందే పద్దు ఉంది. సాహిత్యం ఆ పేరును తీసుకుని పద్దును వదిలేసింది.

2

సాహిత్యం వదిలేసిన పద్దును మరో రకం రచన పట్టుకుంది. అది ప్రభుత్వ పత్రం. ఇంగ్లండులో ముసలి తల్లినో తండ్రినో ఆస్పత్రి నుంచి నర్సింగ్ హోముకి పంపేటప్పుడు ఖర్చు ఎవరిదో తేల్చడానికి నింపే పత్రం. నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లలో చిన్న ప్రైవేటు ఆస్పత్రి. అక్కడ అది నర్సులు ఉండే వసతి గృహం. చేరినవాళ్లలో చాలామంది బతికున్నన్నాళ్లూ అక్కడే ఉంటారు. ఆ పత్రాన్ని సాహిత్య విమర్శకు లొంగే రచనగా చదవాలని నా ప్రతిపాదన. దానికి వస్తువుంది, శైలి ఉంది, దృక్పథం ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా దాని మాటలకు డబ్బు విలువ ఉంది.

దాని పుట్టుక చూడాలి. 1948 జులై 5న బ్రిటన్‌లో నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. వైద్యం అందరికీ ఉచితం అన్నారు. సరిగ్గా అదే రోజున నేషనల్ అసిస్టెన్స్ చట్టం కూడా అమల్లోకి వచ్చింది. ముసలివాళ్లకు, అశక్తులకు స్థానిక కౌన్సిళ్లు వసతి చూపాలని, వాళ్ల స్తోమతను బట్టి డబ్బు వసూలు చెయ్యాలని ఆ చట్టం చెప్పింది. ఒకే రోజు మనిషిని రెండుగా విడదీశారు. జబ్బు మనిషికి ఉచితం, అశక్త మనిషికి అద్దె. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గియ్యాలన్నదే డెబ్బై ఏళ్లుగా సాగుతున్న తగాదా.

మొదట్లో ఆస్పత్రుల్లోనే దీర్ఘకాల వార్డులు ఉండేవి కాబట్టి ఆ గీత అంతగా కనిపించలేదు. వార్డులు మూసి రోగులను ప్రైవేటు హోములకు తరలించేసరికి అది బయటపడింది. 1994లో ఆరోగ్య అంబుడ్స్‌మన్ లీడ్స్ ఉదంతం మీద నివేదిక ఇచ్చాడు. మెదడు దెబ్బతిని, పూర్తిగా ఇతరుల మీద ఆధారపడిన రోగిని ఆస్పత్రి నుంచి పంపేసి, హోము ఖర్చును భార్య మీద వెయ్యడం తప్పని చెప్పాడు. 1999లో పమేలా కాఫ్లన్ కేసులో అప్పీలు కోర్టు ఒక సూత్రం చెప్పింది. వసతికి అనుబంధంగా ఉండే కొద్దిపాటి నర్సింగ్ మాత్రమే కౌన్సిలు బాధ్యత. అంతకు మించితే అది ఆరోగ్య సేవ బాధ్యత. అదే ఏడాది సదర్లండ్ కమిషన్ వ్యక్తిగత సంరక్షణ అంతా ఉచితంగా ఇవ్వమని సిఫార్సు చేసింది. స్కాట్లండు 65 ఏళ్లు దాటినవాళ్ల విషయంలో 2002 నుంచి దాన్ని పాటించింది. ఇంగ్లండు ఒప్పుకోలేదు. 2007లో ఇంగ్లండంతటికీ ఒకే విధానం తెచ్చి, దానికి 'కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్' అని పేరు పెట్టింది. మనిషి అవసరం 'ప్రధానంగా ఆరోగ్య అవసరం' అని తేలితే హోము ఖర్చంతా ఎన్.హెచ్.ఎస్. భరిస్తుంది. తేలకపోతే ఆస్తి లెక్క మొదలవుతుంది. చేతిలో 23,250 పౌండ్లకు మించి ఉంటే ఖర్చు మనిషిదే. 2010 నుంచి ఈ అంకె మారలేదు. ఒంటరి మనిషైతే సాధారణంగా ఇల్లు కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

3

ఇప్పుడు పత్రం దగ్గరికి వద్దాం. అందులో పన్నెండు అంశాలున్నాయి. ఊపిరి, ఆహారం, మలమూత్రాల అదుపు, చర్మం, కదలిక, మాట, మనస్థితి, తెలివిడి, ప్రవర్తన, మందులు, స్పృహ, ఇతర అవసరాలు. ఒక్కొక్క దాంట్లో మనిషికి ఒక స్థాయి ఇస్తారు. లేదు, తక్కువ, ఓ మాదిరి, ఎక్కువ, తీవ్రం, ప్రాధాన్యం. ఒక ప్రాధాన్యమో, రెండు తీవ్రాలో వస్తే అర్హత ఉన్నట్టే లెక్క. అంతకన్నా తక్కువైతే అవసరాల స్వభావం, తీవ్రత, సంక్లిష్టత, ముందుగా ఊహించలేనితనం చూసి తేలుస్తారు.

పైకి ఇది నిష్పాక్షికంగా కనిపిస్తుంది. దగ్గరగా చదివితే మూడు విషయాలు తేలతాయి.

మొదటిది, అన్ని అంశాలకూ నిచ్చెన ఒకే ఎత్తులో లేదు. ప్రాధాన్యం అనే పై మెట్టు ఊపిరి, ప్రవర్తన, మందులు, స్పృహ అనే నాలుగింటికే ఉంది. తెలివిడికి లేదు. తన పేరూ, తన బిడ్డా, ఆకలీ, నిప్పూ తెలియనంతగా మనిషి మనసు పోయినా ఆ గడిలో తీవ్రం దగ్గర ఆగిపోవాలి. మనసును తినే జబ్బుకు మనసు అన్న గడి ఒక్కటే ఎన్నడూ చాలదు. తోడుగా మరో గడి తీవ్రం కావాలి, లేదా వాదించి నెగ్గాలి.

రెండోది, విశేషణాల ఆర్థికం. 'ఎక్కువ'కీ 'తీవ్రాని'కీ మధ్య తేడా వర్ణనలో ఒక వాక్యం, కుటుంబానికి మాత్రం అది ఒక ఇల్లు. విశేషణాలను పొదుపుగా వాడమని కొత్త రచయితలకు మనం చెబుతుంటాం. ఆ పత్రం నింపేవాళ్లు మన సలహా వినకపోయినా పొదుపు బాగానే పాటిస్తారు.

మూడోది, కర్త లేని వాక్యం. 'రాత్రి ప్రశాంతంగా గడిచింది', 'సహాయంతో భోజనం చేశారు', 'ఆనందంగా అయోమయంలో ఉన్నారు' లాంటి మాటలు అక్కడి నర్సుల దినచర్య పుస్తకాల్లో మామూలు. రాత్రి ప్రశాంతంగా గడవడానికి ఎవరు ఎన్నిసార్లు లేచారు? ఆ భోజనం ఎంతసేపు పట్టింది? చేతిని ఎవరు పట్టుకున్నారు? ఇవేవీ వాక్యంలో ఉండవు. శ్రమ మాయమైనప్పుడు అవసరమూ మాయమవుతుంది. బాగా చూసుకుంటున్నారు కాబట్టి అవసరం లేదనకూడదని, చక్కగా తీరుతున్న అవసరం కూడా అవసరమేనని మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. కాని దినచర్య పుస్తకపు భాష ఆ నియమాన్ని రోజూ కొట్టేస్తూ ఉంటుంది.

4

ఈ పత్రాన్ని నేను మొదట చదివింది మా పెద్దమ్మ కోసం. ఆవిడ తెనాలిలో బడిపంతులు భార్య. పెదనాన్న పోయాక, తల్లిదండ్రులను తీసుకెళ్లే నిబంధనలు 2012లో బిగియక ముందే, కొడుకు దగ్గరికి ఇంగ్లండు వెళ్లి అక్కడే స్థిరపడింది. జబ్బు ముదిరిన కొద్దీ నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలూ పోయాయి. 2024లో కిందపడి తుంటి విరిగి ఆస్పత్రిలో చేరింది. మంచం ఖాళీ చెయ్యాలన్నారు. మదింపు కోసం కొన్ని వారాలు ఎన్.హెచ్.ఎస్. ఖర్చుతో ఒక నర్సింగ్ హోములో ఉంచారు. ఆ వారాల్లో పత్రాన్ని, దినచర్య పుస్తకాన్ని అన్నయ్య నాకు పంపేవాడు. ఇద్దరం కలిసి ఫోనులో వాక్యం వాక్యం చదివేవాళ్లం.

'మాట' అన్న గడిలో 'ఓ మాదిరి' అని వేశారు. కారణం, కొడుకు వచ్చినప్పుడు ఆవిడ ధారాళంగా మాట్లాడుతోందట. ధారాళంగానే మాట్లాడేది. ఆ మాటలు యాభై ఏళ్ల కిందట ఇంట్లో ఉన్న గేదె గురించీ, చనిపోయిన ఆడపడుచు గురించీ. నొప్పెక్కడో చెప్పడం రాదు. తెలుగు తెలియని మదింపుదారుకు మాటల ప్రవాహం సంభాషణలా వినిపించింది.

'ప్రవర్తన' గడిలో జరిగింది ఇంకా గమనించదగ్గది. రోజూ సాయంత్రమయ్యేసరికి పెద్దమ్మ బడి వదిలే వేళైందనీ, పిల్లలు వస్తారనీ, పొయ్యి రాజెయ్యాలనీ తలుపు లాగేది. విరిగిన తుంటితో లేవబోయేది, ఆపినవాళ్లను కొట్టేది. ఇద్దరు మనుషులు గంటసేపు ఆవిడ దగ్గర ఉండాల్సి వచ్చేది. పత్రం ప్రకారం, ఒక క్రమంలో వచ్చి, నేర్పుగల సంరక్షకుల అదుపులో ఉండే ప్రవర్తన 'ఓ మాదిరి' మాత్రమే. ఆ బాధ అప్పుడప్పుడూ వచ్చి ఉంటే స్థాయి పెరిగేదేమో. రోజూ వచ్చింది కాబట్టి తగ్గింది.

అన్నయ్య దినచర్య పుస్తకంలోంచి తారీకులు, గంటలు, పట్టిన మనుషుల సంఖ్య ఏరి పట్టిక వేసి సమావేశంలో పెట్టాడు. దాంతో 'తెలివిడి' గడిలో 'ఎక్కువ' కాస్తా 'తీవ్రం' అయింది. ప్రవర్తన మాత్రం కదల్లేదు. ఒకే తీవ్రం. అర్హత లేదన్నారు. హోములో నర్సు పనికని ఆ ఏడాది వారానికి 235.88 పౌండ్లు మంజూరు చేశారు. హోము అద్దె వారానికి 1,450, మన లెక్కలో లక్షన్నర రూపాయల దాకా. తెనాలి ఇల్లు అమ్మిన డబ్బు 23,250 దాటి ఉంది కాబట్టి మిగతాదంతా పెద్దమ్మదే. పునఃపరిశీలనకు అర్జీ పెట్టుకోవచ్చన్నారు, పెట్టాడు. ఆ అర్జీలో అన్నయ్య రాసిన వాక్యాలకు ప్రతిదానికీ కర్త ఉంది.

5

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. 'ఇల్లున్నవాళ్లు ఖర్చు పెట్టుకుంటే తప్పేమిటి? వారసుల ఆస్తిని కాపాడడం అభ్యుదయ సాహిత్యం పనా?' అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. ఇది తేలిగ్గా తోసెయ్యగల ప్రశ్న కాదు.

నా జవాబు ఇది. అదే ఇల్లున్న మనిషికి కేన్సరు వస్తే ఆస్పత్రిలో ఎవరూ ఇంటి విలువ అడగరు. కాబట్టి ఇక్కడ ఎంపిక చేస్తున్నది ధనవంతుణ్ణి కాదు, ఒక రకం జబ్బును. నిజంగా ధనవంతుడి దగ్గరే వసూలు చెయ్యాలంటే పన్ను ఉంది. ఆ భారాన్ని సమాజమంతటి మీద నుంచి తీసి, ఎవరికి ఈ జబ్బు వచ్చిందో వాళ్ల మీద మాత్రమే వెయ్యడం పేదవాడికి చేసే మేలు కాదు. పేదవాడి స్థితి చూడండి. ఖర్చు కౌన్సిలు భరిస్తే అతని పింఛనులో చాలాభాగం అది తీసుకుంటుంది. 2025–26లో సొంత ఖర్చుకు వారానికి అతని చేతిలో మిగిల్చేది 30.65 పౌండ్లు. ఏ హోమన్నది కూడా కౌన్సిలు ఇచ్చే రేటుకు లోబడే ఉంటుంది. కౌన్సిళ్లు తక్కువ ఇస్తున్నాయి కాబట్టి హోములు సొంతంగా కట్టుకునేవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుంటాయి. ఆ తేడా సగటున 41 శాతం అని బ్రిటన్ పోటీ వ్యవహారాల సంస్థ 2017లో చెప్పింది. ఈ వ్యాపారానికి భద్రతా లేదు. 31,000 మంది ముసలివాళ్లను పెట్టుకున్న సదరన్ క్రాస్ కంపెనీ, భవనాలు అమ్మేసి వాటికే అద్దె కడుతూ, అది కట్టలేక 2011లో కూలిపోయింది. మనిషి జీవితకాలంలో పెట్టే ఖర్చుకు 86,000 పౌండ్ల గరిష్ఠ పరిమితి పెడతామన్న వాగ్దానాన్ని వాయిదా వేసి వేసి 2024 జులైలో రద్దు చేశారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పత్రం కేవలం ఉచ్చు కాదు. 2007కి ముందు ఒక్కో ప్రాంతంలో ఒక్కో లెక్క ఉండేది. రాతలో ఉన్న నియమాన్ని చదవొచ్చు, తిప్పి వాదించొచ్చు, కోర్టుకెక్కొచ్చు. కాఫ్లన్ కేసు అలాగే గెలిచారు. అందుకే పత్రాన్ని చదవడం అంటే తిట్టడం కాదంటున్నాను.

6

పద్దును కథలోకి తెస్తే కళ చచ్చిపోతుందనే భయం కొందరికి ఉంది. అది నిజం కాదనడానికి రెండు సినిమాలు చాలు.

అస్గర్ ఫర్హాదీ 2011 నాటి 'ఎ సెపరేషన్'లో టెహ్రాన్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి, మతిమరుపు జబ్బున్న తండ్రి కోసం రజియే అనే గర్భవతిని కూలికి పెట్టుకుంటాడు. ఆమె ఊరి చివర నుంచి చిన్న కూతురితో వస్తుంది. ముసలాయన బట్టలు పాడుచేసుకుంటే, పరాయి మగవాణ్ణి కడగడం పాపమో కాదో తెలియక ఫోను చేసి అడుగుతుంది. ఆ ఒక్క దృశ్యంలో రోగి, కూలి, మతం, వర్గం అన్నీ ఉన్నాయి. ముసలాయన దుఃఖం దానివల్ల తగ్గలేదు. పైగా కూలికి వచ్చిన మనిషి దుఃఖం దాని పక్కన నిలబడింది. కెన్ లోచ్ 2016 నాటి 'ఐ, డేనియల్ బ్లేక్'లో జబ్బు గుండెది. సినిమా మొదలవగానే చీకటి తెర మీద మదింపు ప్రశ్నలు మాత్రమే వినిపిస్తాయి. గుండె గురించి అడగమని వడ్రంగి మొత్తుకుంటున్నా వాళ్లు చేతులూ వేళ్లూ గురించే అడుగుతుంటారు. పత్రపు భాషే అక్కడ ప్రతినాయకుడు.

మనకూ ఈ సంప్రదాయం ఉంది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఒక అప్పు లెక్క మీద నిలబడ్డ కథ. రావిశాస్త్రి వకీలు కాబట్టి కోర్టు భాషనూ పోలీసు భాషనూ లోపలి నుంచి చదివి వాటి గుట్టు విప్పాడు. పద్దును చదవడం తెలుగు కథకు కొత్త విద్య కాదు. ముసలితనం దగ్గరికి వచ్చేసరికే మనం ఆ విద్యను మరిచిపోతున్నాం.

7

మన వృద్ధాప్య కథల్లో ఎక్కువ భాగం ఎలా ఉంటాయో పాఠకులకు చెప్పనక్కర్లేదు. కొడుకు అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉంటాడు. తల్లి వృద్ధాశ్రమంలో ఉంటుంది. డబ్బు వస్తుంది, కొడుకు రాడు. కథ చివర పాఠకుడు కొడుకును తిట్టుకుని తేలికపడతాడు. ఇంగ్లీషు కథ పద్దును మనసులో దాచింది, మన కథ నీతిలో దాచింది. ఫలితం ఒకటే. సమాజం, రాజ్యం ఏం చెయ్యాలన్న ప్రశ్న మాయమైంది.

మన చట్టమూ అదే కథ రాసింది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో పిల్లల పోషణ విధిగా ఉంది. దాని గరిష్ఠ పరిమితి నెలకు పదివేల రూపాయలు. వదిలేస్తే మూడు నెలల దాకా జైలు. అదే చట్టం జిల్లాకొక వృద్ధాశ్రమం దగ్గరికి వచ్చేసరికి రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు 'చెయ్యవచ్చు' అంటుంది. పిల్లలకు 'చెయ్యాలి', ప్రభుత్వానికి 'చెయ్యవచ్చు'. ఈ రెండు క్రియల మధ్య తేడా చూపడం సాహిత్య విద్యార్థి చెయ్యగల పనే.

అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, ఈ జబ్బు ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. 2024 అక్టోబరు నుంచి డెబ్బై దాటినవాళ్లందరికీ వర్తించిన ఆయుష్మాన్ భారత్ ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. ఇంటికి తెచ్చాక ఏళ్ల తరబడి సాగే చాకిరీ దాని పరిధిలో లేదు. వాదించడానికి మనకు ఇంగ్లండు పత్రం లాంటి పత్రం కూడా లేదు. ఆ గడులన్నీ ఇక్కడ ఒక కోడలో, పెళ్లికాని కూతురో, నెల జీతానికి కుదిరిన ఆయానో తన ఒంటితో నింపుతోంది.

ఈ రెండు దేశాలను కలిపే మనిషి ఒకరున్నారు. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ సంరక్షణ పనివాళ్లకు వీసా తలుపులు తీసింది. మన దేశం నుంచీ చాలామంది వెళ్లారు. 2024 మార్చి నుంచి అలా వచ్చేవాళ్లు భర్తనీ పిల్లలనీ తెచ్చుకోకూడదన్నారు. 2025 జులైలో విదేశాల నుంచి కొత్త నియామకాలే ఆపేశారు. ఇంగ్లండులో ముసలమ్మ చెయ్యి పట్టుకుని అన్నం తినిపిస్తూ, ఇక్కడ తన తల్లిని ఎవరు చూస్తున్నారో అనుకునే స్త్రీ ఆమె. దినచర్య పుస్తకంలో 'సహాయంతో భోజనం చేశారు' అన్న వాక్యంలో లోపించిన కర్త ఆమే.

ఆమె మన కథల్లోకి ఇంకా రాలేదని కాదు, ఎక్కడైనా వచ్చే ఉంటుంది. కాని వచ్చినప్పుడు జాలికి పాత్రగానో, కన్నతల్లిని వదిలిపోయిన బిడ్డగానో వస్తే చాలదు. ఆమె జీతం ఎంత, షిఫ్టుకు ఎందరు ముసలివాళ్లు, వీసా కోసం ఎవరికి ఎంత కట్టింది, ఇక్కడ ఇంట్లో ఆమె స్థానంలో చాకిరీ ఎవరు చేస్తున్నారు అన్నవి కూడా కథలోకి రావాలి. కొత్త రచయితలు ఆస్పత్రి డిశ్చార్జి కాగితాన్ని, ఆశ్రమం రసీదును, ఆయా జీతం చిట్టీని ముందు పెట్టుకుని ఒక్క కథైనా రాయాలని కోరుతున్నాను. విమర్శకులు కూడా ఆ కథను కన్నీళ్లతో కొలవకుండా, దానిలోని ప్రతి వాక్యానికీ కర్త ఉందో లేదో చూడాలి.